పై వాటా గాయని

మస్కట్ పక్కన సీబ్‌లో మేము అద్దెకుంటున్న విల్లా పై వాటాలోకి ఒక స్కాట్లండ్ టీచరు దిగిందని మా ఆయన చెప్పినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. పై వాటాకు బయటినుంచి వేరే మెట్లున్నాయి. అక్కడ ఎవరూ ఎక్కువకాలం నిలిచేవారు కాదు. ఒక ఫిలిప్పీన్స్ కుటుంబం కొన్నాళ్లుండి వెళ్లిపోయింది. తర్వాత ఇద్దరు ఈజిప్టు ఇంజనీర్లు వచ్చి వెళ్లారు. ఈమె కూడా అంతే అనుకున్నాను. దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిందట. వయసులో నాకంటే చిన్నది. ఎర్రజుట్టు, ఎండకు ఇట్టే కమిలిపోయే చర్మం, మెట్లు దూకుతూ దిగే అలవాటు.

నేను అప్పటికే కొన్నేళ్లుగా ఇంట్లో పిల్లలకు ఫిడేలు పాఠాలు చెబుతున్నాను. అది విజయనగరంలో నేర్చుకున్న విద్య. పెళ్లికి ముందు కచేరీలు చేశాను, రేడియోలో వాయించాను, పేరున్న గాయకుల పక్కన కూర్చుని శభాష్ అనిపించుకున్నాను. మా ఆయనకు మస్కట్‌లో షిప్పింగ్ కంపెనీ ఉద్యోగం వచ్చాక అవన్నీ ఆగిపోయాయి. ఇక్కడ మనవాళ్ల ఉగాది సభలో ప్రార్థనగీతానికి పక్కన వాయించమంటారు. నవరాత్రుల్లో ఎవరింటికైనా పేరంటానికి వెళితే, ఫిడేలు తెచ్చారా అని అడుగుతారు. తెస్తే, నేను వాయిస్తున్నంతసేపూ శనగల గిన్నెలు అందించుకుంటూ ఉంటారు. నేను అలవాటు పడిపోయాననే అనుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం హాల్లో కూర్చుని మోహన రాగం వాయించుకుంటున్నాను. కాసేపటికి పైనుంచి గిటారు వినబడింది. మొదట చిరాకేసింది. తర్వాత గమనిస్తే, ఆమె నా స్వరాల వెంటే వస్తోంది. నేను ఆపాను. పైన కూడా ఆగిపోయింది. మరికాసేపటికి తలుపు తట్టిన చప్పుడైంది. ఆమె గిటారు పట్టుకుని, చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. మీరు వాయిస్తున్నది మా అమ్మమ్మ పాడే బాణీలాగే ఉంది, లోపలికి రావచ్చా అని అడిగింది.

వాళ్ల పాత జానపద బాణీలు చాలావాటికి మోహనంలోని ఈ ఐదు స్వరాలే ఆధారమని ఆరోజు తెలిసింది. వాయిద్యాన్ని మేము ఫిడేలు అంటామని చెబితే, తన ఊళ్లో కూడా అదే మాట అని ఆశ్చర్యపోయింది. నేను నేలమీద కూర్చుని ఫిడేలు తలను పాదంమీద ఆనించి వాయించడం ఆమెకు వింతగా ఉంది. తనూ కింద చతికిలబడి, మోకాళ్లు నొప్పి పుట్టేదాకా అలాగే కూర్చుంది. కాఫీ ఇచ్చాను. తర్వాత తను కట్టిన పాట ఒకటి పాడింది.

ఆమె తండ్రికి చేపల పడవ ఉండేదట. ఆ ఊరి రేవులో పడవలు ఒక్కొక్కటే అమ్ముడుపోయి, చివరికి రేవు ఖాళీ అయిపోయింది. పొద్దున లేచి వెళ్లడానికి పడవ లేని మనిషి కిటికీ దగ్గర కూర్చుని గాలి ఎటునుంచి వీస్తోందో భార్యకు చెబుతుంటాడు. పాటంతా అంతే. బాణీ అమ్మమ్మల నాటిది, కింద దరువు మాత్రం ఈనాటి రాక్ దరువు. గిటారు పెట్టెమీద అరచేత్తో కొడుతూ పాడింది.

గొంతు బొంగురు. పై షడ్జం దగ్గర శ్రుతి జారింది. గిటారు మీద ఆమెకు తెలిసిన తీగల పట్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇవన్నీ నేను వింటూనే పట్టుకున్నాను. అయినా పాట అయ్యేసరికి నా కాఫీ చల్లారిపోయింది. వంటింటి గుమ్మం దగ్గర మా అమ్మాయి కదలకుండా నిలబడి ఉంది. నా పాఠానికి పిలిస్తే గదిలోంచి రావడానికి బతిమాలించుకునే పిల్ల అది.

నాకు ఆమెమీద కడుపుమంట మొదలైంది అక్కడే.

రంజాన్ నెలలో హోటళ్లలో పాటలుండవు కాబట్టి ఆ నెలంతా మా హాల్లోనే సాధన చేసుకున్నాం. పండుగ తర్వాత మస్కట్‌లో ఒక హోటల్ వాళ్లు వారాంతంలో పాడమని ఆమెను పిలిచారు. డ్రమ్స్‌కి ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు, బాస్ గిటారుకి ఒక గోవా పెద్దాయన, ఫిడేలు నేను. పరాయివాళ్ల ముందు స్టేజీ ఎక్కడం నాకదే మొదటిసారి. పట్టుచీర కట్టుకున్నాను. కుర్చీలో కూర్చుని, ఫిడేలు చుబుకం కిందికి పెట్టకుండా నా పద్ధతిలోనే ఒళ్లోకి వంచుకుని వాయించాను.

ఆ పడవల పాటలో రెండు చరణాల మధ్య ఖాళీ ఉండేది. అక్కడ ఏదైనా వాయించమని ఆమె అంతకుముందే అడిగింది. నేను మోహనంలో చిన్న ముక్క ఒకటి కట్టాను. కిందినుంచి పైకి వెళ్లి, పంచమం దగ్గర ఊగి, మళ్లీ మెల్లగా దిగుతుంది. గమకాలు తగ్గించాను, వాళ్ల చెవికి ఎక్కాలని.

పాట అయ్యాక జనం లేచి నిలబడ్డారు. ఒక ఇంగ్లీషు పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆమెను కౌగిలించుకుంది. ఆమె చుట్టూ చేరినవాళ్లలో మా ఆయన కూడా ఉన్నారు. నేను ఫిడేలు పెట్టెలో సర్దుకుంటూ చూశాను. ఒకాయన నా దగ్గరకు వచ్చి చీర బాగుందన్నాడు.

వాయిద్యాలు తీసుకెళ్లే వ్యాను నడిపేది జగిత్యాల వైపు మనిషి. మా ఇంటికి పాఠాలకు వచ్చే పిల్లల్ని కూడా అతనే దింపేవాడు. ఏళ్ల తరబడి మా గుమ్మం బయట వ్యానులో కూర్చుని నా ఫిడేలు విన్నవాడే. ఆ రోజు పెట్టెలు ఎక్కిస్తూ నాతో అన్నాడు:

"మాటలు ఒక్కటి సమజ్ కాలేదుగని అక్కా, ఆ మేడం పాడుతుంటే మా ఊరు యాదికొచ్చింది."

నా ఫిడేలు వింటే ఏం గుర్తొస్తుందో అడగాలనిపించింది. అడగలేదు. మర్నాడు పొద్దున మా ఆయన గడ్డం గీసుకుంటూ ఆ పాట కూనిరాగం తీశారు. పెళ్లయిన నాటినుంచి నేను వాయించే కీర్తనల్లో ఒక్కదాని పల్లవి కూడా ఆయన నోట రాలేదు. నేను ఉప్మా మాడ్చేశాను. ఏమైందని అడిగితే గ్యాస్ మంట ఎక్కువైందన్నాను.

ఆ తర్వాత మా అమ్మాయి స్కూలునుంచి రాగానే పుస్తకాలు పడేసి పైకి వెళ్లడం మొదలుపెట్టింది. దానికి ఫిడేలు నేనే నేర్పాను. వర్ణం దాకా వచ్చి మానేసింది. ఎంత చెప్పినా మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు పైన గిటారు నేర్చుకుంటోంది. కింద కూరగాయలు తరుగుతుంటే పైనుంచి అది తప్పులు వాయించడం, ఇద్దరూ నవ్వడం వినబడేది. నా ఇంటి పైకప్పు మీద నా కూతురు ఇంకొకరికి శిష్యురాలైంది. ఒకసారి ఉండబట్టలేక, ఫిడేలు పట్టుకుంటే చేతులు నొప్పి అన్నదానివి, గిటారుకి నొప్పెట్టడం లేదా అని అడిగాను. అది దాచుకోకుండా చెప్పింది:

"ఆంటీ దగ్గర తప్పొస్తే ఆవిడ నవ్వేసి మళ్లీ మొదలెట్టమంటుంది. నీ దగ్గర తప్పొస్తే నువ్వు ఆపేసి నా వంక చూస్తావమ్మా."

మా గురువుగారు నావంక అలాగే చూసేవారు. ఆ చూపుతోనే నాకు ఇంత విద్య వచ్చిందని నా నమ్మకం.

హోటల్లో ఎవరో ఆ పాట వీడియో తీసి నెట్‌లో పెట్టారు. స్కాట్లండ్‌లో ఒక చిన్న రికార్డు కంపెనీ వాళ్లు అది చూసి ఆమెకు రాశారు. ఆమె మెట్లు దూకుతూ వచ్చి మొట్టమొదట నాకే చెప్పింది. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వుకు నా దవడలు నొప్పెట్టాయి. స్కూలు ఏడాది పూర్తికాగానే ఉద్యోగం మానేసింది. వెళ్లేముందు మస్కట్‌లోని రూవీలో ఒక స్టూడియోలో ఆ పాటలన్నీ రికార్డు చేశాం. నా ముక్క నేను వాయించాను. స్టూడియో అతను ఒక్కసారికే బాగా వచ్చిందన్నాడు. ఆమె తన పాటను చాలాసార్లు పాడాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ నాకు చాలా హాయిగా అనిపించింది.

ఆల్బమ్ వచ్చింది. అట్టమీద ఆమె ముఖం, వెనక సముద్రం. లోపల చిన్న అక్షరాల్లో నా పేరు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అక్కడి రేడియోల్లో ఆ పడవల పాట తెగ వేస్తున్నారని ఆమె ఫోన్ చేసి చెప్పింది. వేసవిలో వరసగా ఊళ్లు తిరుగుతూ పాడబోతున్నామని, నన్నూ రమ్మని అడిగింది. టికెట్టు, వీసా అన్నీ వాళ్లే చూసుకుంటారట.

మా ఆయన వెళ్లమన్నారు. వేసవి సెలవులే కాబట్టి ఇంటి సంగతి తను చూసుకుంటానన్నారు. మా అమ్మాయైతే తనూ వస్తానని ఎగిరింది. నేను మాత్రం మోకాళ్ల నొప్పులని, చలి పడదని ఏవేవో చెప్పి రానన్నాను. అసలు సంగతి నాకు తెలుసు. ఊరూరా తిరిగి, ప్రతి సాయంత్రం ఆమె వెనక కూర్చుని, ఆమెకు పడే చప్పట్లు వినడం నా వల్ల కాదు. ఆమె మళ్లీ మళ్లీ అడిగింది. మళ్లీ మళ్లీ వద్దన్నాను.

నా బదులు గ్లాస్గో కుర్రాడొకడు చేరాడు. మొదటి వీడియో చూశాను. వాడు స్టేజీ అంతా గంతులేస్తూ నా ముక్క వాయిస్తున్నాడు. పంచమం దగ్గర ఊగాల్సిన చోట ఊగకుండా తన్నుకుంటూ వెళ్లిపోయాడు. కింద వ్యాఖ్యల్లో అందరూ ఆ ఫిడేలు ఎంత బాగుందో అని వాణ్ని మెచ్చుకుంటున్నారు. వద్దన్నది నేనే. అయినా ఆ కుర్రాడిమీద నాకు వచ్చిన కోపానికి అంతులేదు. అంతవరకు ఒక్కరిమీద ఉన్న కుళ్లు ఇప్పుడు ఇద్దరిమీదికి పాకింది.

తర్వాతి ఏళ్లలో ఆమె ఎదుగుదల అంతా నేను ఫోన్‌లోనే చూశాను. వర్షంలో, బురదలో టెంట్లు వేసుకుని జనం వినే పెద్ద సంగీత ఉత్సవాల్లో పాడింది. రెండో ఆల్బమ్‌కి ఏదో బహుమతి వచ్చింది. ఆకుపచ్చ గౌను వేసుకుని, చేతిలో గాజు బొమ్మలాంటిది పట్టుకుని నిలబడిన ఫోటో మా అమ్మాయి తన గది గోడకు అంటించింది. వెళ్లి వస్తూ దాన్ని చూసేదాన్ని. నేను పాఠం చెప్పే పిల్లలు సరళీ స్వరాలు దాటకముందే వాళ్ల నాన్నలకు బదిలీ అయ్యేది, మళ్లీ కొత్త పిల్లలకు మొదటినుంచి మొదలుపెట్టేదాన్ని.

మూడో ఆల్బమ్‌ను పత్రికలు చీల్చి చెండాడాయి. జానపదాన్ని వదిలేసి డ్యాన్సు పాటల వెంట పడిందని రాశారు. ఆ విమర్శలన్నీ వెతుక్కుని చదివాను. ఒకటి మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన పేపరు మడిచి, నీ ఫ్రెండే కదా అన్నారు. ఫ్రెండు కాబట్టే బాధగా ఉందన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

కంపెనీ వాళ్లు ఆమెను వదిలేశారు. పోగొట్టుకున్న పేరు తిరిగి తెచ్చుకోవాలని చిన్నచిన్న హాళ్లలో విరామం లేకుండా పాడింది. గొంతు దెబ్బతింది. ఆపరేషన్ చేశారు, చాలాకాలం మాట్లాడకూడదన్నారు. ఆ కబురు వినగానే నేను సంతోషపడతానేమోనని భయపడ్డాను. సంతోషం కలగలేదు. నిజంగానే దిగులేసింది. కానీ మా అమ్మాయి రోజూ ఆమెకు వీడియో కాల్ చేసి, తనే గిటారు వాయించి వినిపించేది. అవతల ఆమె మాట్లాడకుండా వింటూ, బొటనవేలు చూపించేది. అలా ఫోన్ పట్టుకున్నప్పుడు మా అమ్మాయి ముఖంలో కనబడే వెలుగు చూసి, జబ్బుపడ్డ మనిషిమీద కూడా నాకు అసూయ పుట్టింది. నాకు జ్వరమొస్తే మందు బిళ్ల అందించి వెళ్లిపోయే పిల్ల అది.

మొన్నటి చలికాలంలో ఆమె మస్కట్ వచ్చింది. గొంతు బాగుపడ్డాక మళ్లీ తన పాత పాటలే పాడుతోంది. ఇక్కడ ఒక హాల్లో కచేరీ పెట్టారు. గ్లాస్గో కుర్రాడు పెళ్లి చేసుకుని సంగీతమే మానేశాడట, కొత్తగా చేరినవాడికి వీసా రాలేదు. నువ్వు వాయిస్తావా అని ఫోన్లో అడిగింది. సరేనని ఎలా అన్నానో నాకే తెలియదు. ఈసారి మోకాళ్ల సంగతి గుర్తు రాలేదు.

సాధనకు మా హాలుకే వచ్చింది. జుట్టులో నెరుపు కనబడుతోంది. బొంగురు గొంతు ఇంకా కిందికి దిగింది. గిటారు తీగలు వదులు చేసుకుని నా శ్రుతికి వచ్చింది. పడవల పాట మొదలుపెట్టాం. నా ముక్క వచ్చేసరికి నేను పాత పద్ధతిలోనే వాయించాను, పంచమం దగ్గర ఆగి, ఊగి. ఆమె పాట ఆపేసి నేలవంక చూస్తూ కూర్చుంది. ఏమైందని అడిగాను.

"ప్రతి ఊళ్లోనూ జనం పాడేది దీన్నే," అంది. "నా మాటలు ఎవరికీ పూర్తిగా రావు. ఈ ముక్క రాగానే హాలంతా నోటితో పాడుతుంది. నేను మైకు ముందు నోరు మూసుకుని నిలబడేదాన్ని. ఇన్నేళ్లూ నిన్ను చూసి ఎంత కుళ్లుకున్నానో నీకు తెలియదు."

నేను విన్నది సరిగానే విన్నానా అని మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పింది. చరణాల మధ్య ఖాళీ నింపమని ఇచ్చిన ముక్కే తన పాటను మోసిందని ఆమెకు మొదటి కచేరీలోనే తెలిసిందట. రెండో ఆల్బమ్‌లో అలాంటిది తనే కట్టాలని ప్రయత్నించిందట, కుదరలేదట. మూడోదాంట్లో అసలు ఫిడేలే లేకుండా చేసింది అందుకేనట.

సంతోషం రావాల్సిన చోట నాకు ఒళ్లు మండింది.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ పాట నీదైపోతుందని."

ఏసీ నీళ్లు బయట బకెట్లో పడుతున్నాయి. నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏదీ పూర్తిగా రాలేదు. అప్పుడు నేను కూడా చెప్పాను, ఎందుకు రానన్నానో, విమర్శలు ఎలా వెతుక్కుని చదివానో, మా అమ్మాయి గోడమీది ఫోటో ముందు నిలబడి ఏమనుకునేదాన్నో. ఆమె ముఖం ఎర్రబడింది. ఆ డ్యాన్సు పాటల విమర్శ చదివావా అని అడిగింది. చాలాసార్లు చదివానన్నాను. కాఫీ కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోతుందనుకున్నాను. కూర్చునే ఉంది. మరి కాస్త కాఫీ ఉందా అంది.

కచేరీ రోజు స్టేజీ ముందు భాగంలో ఆమె మైకు పక్కనే నాకొక చిన్న వేదిక వేయించింది. నేలమీద కూర్చున్నట్టే కూర్చుని వాయించాను. మధ్యలో నాకు ఒంటరిగా వాయించే సమయం కూడా ఇచ్చింది. మోహనం ఆలాపన చేశాను. నా జీవితంలో అంత బాగా వాయించిన రోజులు తక్కువ. జనం మర్యాదగా విన్నారు, మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. తర్వాత ఆమె ఆ దెబ్బతిన్న గొంతుతో పడవల పాట అందుకుంది. నా ముక్క రాగానే హాల్లో సగంమంది నిజంగానే నోటితో పాడారు. చరణం రాగానే చాలామంది ఏడ్చారు. నా ఆలాపనకు రాని కన్నీళ్లు ఆమె బొంగురు గొంతుకు వచ్చాయి. మా అమ్మాయి మొదటి వరుసలో కూర్చుని ఫోన్‌తో తీసింది. ఇంటికొచ్చాక చూస్తే నా ముక్క అంతా తీసింది, ఆలాపనలో మాత్రం కొంచెమే ఉంది. చెయ్యి నొప్పెట్టిందట.

ఆమె తిరిగి వెళ్లిపోయి, తన ఊరి దగ్గరే చిన్న ఇల్లు తీసుకుంది. పగలు పిల్లలకు పాట చెబుతుంది. పాటలు కంపెనీలతో పని లేకుండా తనే విడుదల చేసుకుంటోంది. కొత్త ఆల్బమ్‌లో అన్ని పాటల్లోనూ నన్ను వాయించమంది. వాయించడంతో సరిపోదని, బాణీలు ఇద్దరం కలిసి కడదామని, పేరు కూడా అలాగే వేయాలని చెప్పాను. విననట్టు ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత సరే అంది. ఆమె అక్కడినుంచి పాట పంపుతుంది. నేను రూవీ స్టూడియోకు వెళ్లి నా వంతు వాయించి పంపుతాను. నచ్చకపోతే నచ్చలేదని ఇద్దరం మొహమాటం లేకుండా చెప్పుకుంటున్నాం. ఒక పాట గురించి వారంపాటు మాటలు మానేశాం కూడా. మధ్యవర్తిత్వం మా అమ్మాయి చేసింది, నా పక్షాన వాదించిందో ఆమె పక్షాన వాదించిందో ఇద్దరికీ చెప్పలేదు.

అట్ట నమూనా మొన్న పంపింది. ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. నా పేరులో అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె పేరు ముందుంది, నాది తర్వాత ఉంది. వాళ్ల అక్షరక్రమం ప్రకారం అలాగే రావాలని మా ఆయన అన్నారు. అది నిజమే. నాకు నచ్చలేదు.